మీకు తెలుసా? ఇంట్లో దొంగ పడితే చట్టం ఎంతవరకు మీ పక్షం

ఇంట్లోకి చొరబడినవాణ్ణి చూసి వెనక తలుపు నుంచి పారిపొమ్మని మన చట్టం ఎవరికీ చెప్పదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. "దొంగను కొడితే మనమీదే కేసు పెడతారు, నోరు మూసుకుని పడుకోవడమే మేలు" అనే మాట ప్రతి కాలనీలోనూ వినబడుతుంది. అదే కాలనీలో ఇంకో మాట కూడా వినబడుతుంది: "మన గడప దాటి వచ్చాడంటే వాణ్ణి ఏం చేసినా మనకేం కాదు." రెండూ తప్పే. రెండో మాటను నమ్మి, కాపాడుకోవాల్సిన ఇంటిని వదిలి జైలుకు వెళ్లినవాళ్లు ఉన్నారు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అంతకుముందు ఇవే ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉండేవి. అంకెలు మారాయి కానీ సారం దాదాపు అదే, కాబట్టి పాత తీర్పులు ఇప్పటికీ దారి చూపుతున్నాయి. ఈ హక్కు మీ ఒంటికీ మీ ఆస్తికీ మాత్రమే కాదు, పక్కింటివాళ్ల ప్రాణానికీ వాళ్ల ఆస్తికీ కూడా వర్తిస్తుంది. ఎదురింట్లో దొంగలు పడ్డారని కర్ర పట్టుకుని వెళ్లినవాడికి కూడా చట్టం అండ ఉంది. చట్టానికి లోబడి బతికే మనిషి తనమీదకు అన్యాయంగా దూకినవాడి ముందు పిరికివాడిలా ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో తేల్చి చెప్పింది.

ఆ కేసులోనే కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. ప్రమాదం వస్తోందన్న సహేతుకమైన భయం కలిగినప్పుడు హక్కు పుడుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. దొంగ ఎంత చెడ్డవాడు, ఎంత సొమ్ము పోయింది అన్నవాటికంటే ముందుగా కోర్టు అడిగేది ఒకటే: మీరు దెబ్బ వేసిన ఆ క్షణానికి ప్రమాదం ఇంకా ఉందా?

పగలు వేరు, రాత్రి వేరు

ఒకే దొంగ, ఒకే ఇల్లు, ఒకే కిటికీ. మధ్యాహ్నం రెండు గంటలకు కిటికీ ఊచలు వంచి లోపలికి వస్తే ఒక లెక్క, రాత్రి రెండు గంటలకు వస్తే ఇంకో లెక్క. సూర్యుడు అస్తమించాక, ఉదయించేలోపు ఇంటిని భేదించి చొరబడినవాణ్ణి అడ్డుకునే ప్రయత్నంలో అతని ప్రాణం పోయినా, అంతకంటే తక్కువతో ఆపడం వీలుకాని పరిస్థితి అయితే అది నేరం కాదని 41వ సెక్షన్ చెబుతుంది. చీకట్లో వచ్చినవాడి చేతిలో ఏముందో, వెనక ఎంతమంది ఉన్నారో, వాడు సొమ్ము కోసం వచ్చాడో ప్రాణం కోసం వచ్చాడో నిద్రలోంచి లేచినవాడికి తెలిసే వీలు లేదు. ఆ అయోమయాన్ని చట్టం ఇంటివారి పక్షాన లెక్కవేసింది.

ఆస్తి రక్షణలో ప్రాణం తీయడం వరకు హక్కు వెళ్లే సందర్భాలు ఇలాంటివి నాలుగే. బలవంతపు దోపిడీ, రాత్రిపూట గృహభేదనం, మనుషులు ఉండే ఇంటికి గానీ సరుకు దాచే చోటికి గానీ నిప్పు పెట్టడం లేదా పేల్చడం, ప్రాణం పోతుందనో తీవ్రగాయం అవుతుందనో భయం కలిగించేలా జరిగే దొంగతనం లేదా చొరబాటు. ఇవి కాని మామూలు దొంగతనం, మామూలు చొరబాటు అయితే 42వ సెక్షన్ వర్తిస్తుంది. అప్పుడు కొట్టవచ్చు, నెట్టవచ్చు, పట్టుకోవచ్చు, కానీ చంపేంత దూరం వెళ్లకూడదు. పట్టపగలు పెరట్లో గ్యాస్ బండ ఎత్తుకుపోతున్నవాడి తలమీద గడ్డపారతో మోదితే ఆ గ్యాస్ బండ మిమ్మల్ని కాపాడదు.

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. చట్టం దృష్టిలో గృహభేదనం అంటే గోడకు కన్నం వేయడం మాత్రమే కాదు. గోడ ఎక్కి దిగి రావడం, కిటికీలోంచి దూరడం, తాళం తీయడం, తలుపు సందులోంచి తీగ పెట్టి గడియ ఎత్తడం, చివరికి మీరు ఎక్కడో పారేసుకున్న తాళంచెవి దొరికించుకుని దానితో తలుపు తెరవడం కూడా అందులోకే వస్తాయి. ద్వారంలో నిలబడినవారిని తోసేసి లోపలికి వచ్చినా గృహభేదనమే. కానీ ఉక్కపోతకు తలుపు బార్లా తీసుకుని పడుకున్న ఇంట్లోకి దొంగ నడుచుకుంటూ వస్తే అది చొరబాటు అవుతుంది, గృహభేదనం కాకపోవచ్చు. వేసవిలో తలుపులు తీసి పడుకునే మన ఊళ్లలో ఈ తేడా చిన్నది కాదు. అలాంటప్పుడు వాడి చేతిలో ఆయుధం ఉందా, ప్రాణభయం కలిగిందా అన్నదాన్ని బట్టే మీ హక్కు ఎంతో తేలుతుంది. మీమీదకు కత్తి ఎత్తితే మాత్రం పగలూ రాత్రీ అన్న తేడా లేదు. అప్పుడు ఆస్తి మాట పక్కకు పోయి, ప్రాణరక్షణ గురించిన 38వ సెక్షన్ మీకు తోడు వస్తుంది.

తలుపు విరిగేదాకా ఆగాలా?

అక్కర్లేదు. ఈ జవాబు ఇచ్చిన కేసు మనసును పట్టి కుదిపేది.

1950 మార్చిలో మధ్యప్రదేశ్‌లోని కట్నీలో మతకల్లోలం చెలరేగింది. అమ్జాద్ ఖాన్ అనే వ్యాపారి ఇల్లూ దుకాణమూ ఒకే కట్టడంలో ఉండేవి, పక్క భాగంలో అతని సోదరుడి దుకాణం ఉండేది. అల్లరిమూక ముందు ఆ పక్క భాగంలోకి చొరబడి దోచుకుంది. ఆ తరువాత ఇతని తలుపులమీద లాఠీలతో బాదడం మొదలుపెట్టింది. లోపల ఆడవాళ్లు, పిల్లలు. అతను తుపాకీ పేల్చాడు. ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. మూక ఇతని భాగంలోకి ఇంకా అడుగు పెట్టలేదు కదా, అప్పుడే కాల్చాల్సిన అవసరమేమిటన్నది అతనిమీద వాదన. కింది కోర్టులు అతనికి శిక్ష వేశాయి.

1952లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. తీర్పు రాసింది జస్టిస్ వివియన్ బోస్. పక్క భాగంలో దోపిడీ కళ్లముందు జరిగిపోయింది, తన తలుపు మీద దెబ్బలు పడుతున్నాయి. ఆ స్థితిలో ఉన్న మనిషి తలుపు విరిగి, మూక లోపలికి వచ్చి, తన కుటుంబంమీద చేయి పడేదాకా వేచి ఉండాలనడం న్యాయం కాదన్నది ఆ తీర్పు సారాంశం. ఇలాంటి ఘడియలో ఎంత బలం వాడాలన్నది మరీ సన్నని త్రాసులో తూచకూడదని కూడా కోర్టు చెప్పింది. ఆ తరువాత ఎన్నో కేసుల్లో న్యాయమూర్తులు మళ్లీ మళ్లీ ఆశ్రయించిన సూత్రం ఇది. నింపాదిగా కుర్చీలో కూర్చుని ఆలోచించేవారి కొలతతో, అర్ధరాత్రి గుండె దడదడలాడుతున్నవాడి చేతను కొలవకూడదు. నా దృష్టిలో మన న్యాయస్థానాలు సామాన్యుడికి చేసిన గొప్ప మేళ్లలో ఇదొకటి.

కానీ పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు లేదని 37వ సెక్షన్ అంటుంది. రేపు రాత్రి ఫలానావాడు మీ ఇంటిమీద పడతాడని ఇవాళే తెలిస్తే, మనుషుల్ని పోగేసి మాటు వేయడం ఆత్మరక్షణ కిందికి రాదు. స్టేషన్‌కు చెప్పాలి. ఊరెళ్లేటప్పుడు కూడా ఇంతే. సంక్రాంతికో దసరాకో ఇల్లు తాళం వేసి వెళ్తున్నామని ముందే చెబితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గస్తీ పోలీసులు ఆ ఇంటిమీద కన్నేసి ఉంచుతారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు దీనికోసం లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ అని ఒక ఏర్పాటే చేశారు. అడిగితే ఖాళీ ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు.

చొరబడినవాడు అల్లుడైతే?

ముసుగు వేసుకున్న దొంగే ఎప్పుడూ రాడు. తాగొచ్చిన బంధువు కావచ్చు, అప్పు కోసం ఊగిపోతున్న స్నేహితుడు కావచ్చు. 1950ల చివర్లో గోరఖ్‌పూర్ రైల్వే క్వార్టర్స్ కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. భర్తతో పడక ఒక స్త్రీ పుట్టింట్లో ఉంటోంది. భర్త ఆ ఇంట్లోకి చొరబడి ఆమెను చేయి పట్టి ఈడ్చుకుపోబోయాడు. ఆమె తలుపు పట్టుకుని వేలాడింది. తండ్రి కేకలు వేశాడు. తమ్ముడు జేబులోని కత్తి తీసి ఒక్క పోటు పొడిచాడు. అది గుండెకు తగిలి భర్త చనిపోయాడు.

హైకోర్టు ఆ కుర్రాడికి మూడేళ్లు వేసింది. సుప్రీంకోర్టు నిర్దోషిగా వదిలేసింది. మనిషిమీద చేయి చేసుకుని బలవంతంగా ఎత్తుకుపోతుంటే అడ్డుకునే హక్కు ప్రాణం తీసేదాకా వెళ్తుందని, ఎత్తుకుపోయేవాడు భర్తే అయినా ఆ హక్కు తగ్గదని కోర్టు చెప్పింది. పుట్టింటి గడపలో నిలబడి "నేను రాను" అన్న ఆడమనిషి మాటకు అరవై ఏళ్ల కిందటే మన అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన విలువ అది. ఈ సంగతి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. అత్యాచారం, యాసిడ్ దాడి లాంటివాటిని అడ్డుకోవడంలోనూ హక్కు అంతదూరం వెళ్తుంది. యాసిడ్ దాడి మాట 2013లో చట్టంలోకి చేరింది.

దొంగ వీపు చూపించాక

ఇక్కడే ఎక్కువమంది కాలు జారుతారు. దొంగ సంచి పడేసి గోడ దూకుతున్నాడు. వెనకనుంచి గొడ్డలి విసిరితే?

సొమ్ముతో పారిపోతున్నంతసేపు, వాడు చేయిదాటి వెళ్లిపోయేదాకా, లేదా సొమ్ము తిరిగి దొరికేదాకా, లేదా పోలీసులు వచ్చేదాకా మీ హక్కు ఉందని 43వ సెక్షన్ చెబుతుంది. వెంటాడవచ్చు, కాళ్లకు అడ్డం పడి పట్టుకోవచ్చు. కానీ సంచి పడేశాడంటే సొమ్ము తిరిగి వచ్చినట్టే, దానితో ఆ హక్కు చెల్లిపోయింది. రాత్రి గృహభేదనం విషయంలోనూ వాడు ఇంట్లో ఉన్నంతసేపే ఆ పెద్ద హక్కు ఉంటుంది. గోడ అవతల పడ్డాక రాత్రి అన్న కారణం మీకు పనికిరాదు. వాడు వెనక్కి తిరిగి మీమీద కత్తి దూస్తే మళ్లీ కొత్తగా ప్రాణరక్షణ హక్కు పుడుతుంది, అది వేరు.

అప్పటి పంజాబ్‌కు చెందిన జయదేవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను లోతుగా గీసింది. పొలంలో గొడవ జరిగింది. ఎదుటి పక్షంవాళ్లు చెదిరి పరుగులు తీస్తున్నా కాల్పులు ఆగలేదు. దాడి చేసినవాళ్లు చెల్లాచెదురు అయ్యాక, ప్రమాదం తొలగిపోయాక ఇక రక్షణ అన్న మాటకే చోటు లేదని కోర్టు తేల్చింది. దోషులన్న తీర్పు నిలిచింది.

మరి ఆ క్షణంలో అంత లెక్క ఎవరు చూసుకోగలరు? చట్టానికి ఆ సంగతి తెలుసు. మంచి విశ్వాసంతో, ముందుగా పన్నాగం లేకుండా, కావాలని అవసరానికి మించి హాని చేసే ఉద్దేశం లేకుండా హద్దు దాటితే దాన్ని హత్యగా లెక్కించరు. 101వ సెక్షన్‌లోని రెండో మినహాయింపు ఇదే. అప్పుడు హత్య కాని ప్రాణహరణం కింద, అంటే 105వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. ఉరికంబం తప్పుతుంది కానీ జైలు తప్పదు. పడిపోయినవాణ్ణి మళ్లీ మళ్లీ కొడితే ఈ మినహాయింపు కూడా దొరకడం కష్టం. శవపరీక్షలో గాయాల సంఖ్య, అవి పడిన చోటు, వీపుమీద పడ్డాయా ఎదురుగా పడ్డాయా అన్నవి కోర్టులో మీకంటే గట్టిగా మాట్లాడతాయి.

కరెంటు స్తంభానికి కట్టేసిన దొంగ

దొరికిన దొంగను స్తంభానికి కట్టేసి, ఊరంతా తలా ఒక దెబ్బ వేసి, ఫోన్లలో వీడియోలు తీసి పంచుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఇది చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. కట్టేసినవాడి నుంచి ఎవరికీ ప్రమాదం లేదు. కాబట్టి తాడు బిగిసిన క్షణంనుంచి కొట్టేవాళ్లలో ఒక్కరికీ ఆత్మరక్షణ హక్కు లేదు. ఆ క్షణంనుంచి చట్టం రక్షణ కట్టేసిన దొంగకే ఉంది. అతను చనిపోతే ఆ వీడియోలోని ప్రతి ముఖమూ నిందితుడి ముఖమే అవుతుంది.

పట్టుకునే హక్కు మాత్రం మీకు ఉంది. బెయిలు దొరకని, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం మీ కళ్లముందు జరిగితే మామూలు పౌరుడు కూడా అరెస్టు చేయవచ్చు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ఇది. కానీ అనవసర జాప్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. పాత చట్టంలో గంటల గడువు లేదు. కొత్తగా వచ్చిన ఈ ఆరు గంటల మాట ప్రతి గ్రామ పంచాయతీ గోడమీదా రాయించదగ్గది.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు పాకి, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అమాయకుల్ని కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మూక చేతిలో చనిపోయింది పొట్టకూటికోసం వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను, డప్పుతో పాడే జానపద కళాకారులను పంపి, వదంతులు నమ్మవద్దని చాటింపు వేయించారు. కొత్త మనిషి కనబడితే కొట్టకుండా కబురు చేయమన్నారు. చెడ్డీ గ్యాంగ్ అనే దొంగల ముఠా సీసీ కెమెరా దృశ్యాలు టీవీల్లో తిరిగిన ప్రతిసారీ ఆ చాటింపు మళ్లీ అవసరమవుతుంది. దారితప్పి రాత్రిపూట తిరిగే మతిస్థిమితం లేనివాళ్లు, భాష తెలియని వలస కూలీలు ముందుగా బలయ్యేది అప్పుడే.

గోడకు కరెంటు పెట్టవచ్చా?

బిహార్‌లో ఒక ఇంటి మరుగుదొడ్డిని పొరుగువాళ్లు వాడుకుంటున్నారని ఆ ఇంటాయనకు కోపం. దారికి అడ్డంగా ఒట్టి రాగి తీగ కట్టి అందులోకి కరెంటు వదిలాడు. తీగలో కరెంటు ఉందన్న హెచ్చరిక ఏదీ పెట్టలేదు. పక్కింట్లో ఉండే ఒక స్త్రీ ఇంటి మరుగుదొడ్డి గోడ కొద్దిరోజుల కిందటే కూలిపోయింది. నలుగురి కళ్లబడకుండా ఉండాలని ఆమె ఇటు వచ్చింది. తీగ తగిలి చనిపోయింది.

తన స్థలంలోకి అనుమతి లేకుండా వచ్చింది కదా అన్నది అతని వాదన. 1963లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి శిక్షను ఖాయం చేసింది. అనుమతి లేకుండా వచ్చినంతమాత్రాన మనిషి చట్టరక్షణ కోల్పోడు, వచ్చినవాడు చావాలనో గాయపడాలనో ఉచ్చు పన్నే హక్కు స్థలం యజమానికి లేదు. చెరుబిన్ గ్రెగరీ కేసుగా న్యాయవాదులందరూ చదువుకునే తీర్పు ఇది.

ఆలోచిస్తే ఇందులో పెద్ద న్యాయం ఉంది. ఆత్మరక్షణ హక్కు కళ్లెదుట ఉన్న ప్రమాదాన్ని చూసి అంచనా వేసే మనిషికి ఇచ్చినది. తీగ ఏదీ చూడదు. దొంగ వచ్చినా, బంతికోసం గోడెక్కిన పిల్లవాడు వచ్చినా, మంటలార్పడానికి పరుగెత్తుకొచ్చిన పొరుగువాడు వచ్చినా దానికి ఒకటే. మన రెండు రాష్ట్రాల్లో అడవిపందుల కోసం పొలం చుట్టూ కట్టిన కరెంటు తీగలకు తోటి రైతులు, కూలీలు, కొన్నిసార్లు కట్టిన రైతే బలైపోయిన వార్తలు తరచూ చదువుతున్నాం. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి పాత చట్టంలో గరిష్ఠ శిక్ష రెండేళ్లు. కొత్త చట్టంలో 106వ సెక్షన్ కింద ఐదేళ్లు. పంట పోయే బాధ నిజమైనదే, అందుకు దారి సోలార్ కంచె. అది క్షణకాలం మాత్రమే ఉండే చిన్న షాకుతో జంతువును బెదరగొట్టి పంపుతుంది. లైనుమీదనుంచి కొక్కెం వేసి లాగిన తీగ మనిషిని వదలదు.

పొరపాటున మీ ఫ్లాట్ అనుకుని వస్తే

అపార్టుమెంట్లలో ఒకే రకం తలుపులు. మూడో అంతస్తు అనుకుని నాలుగో అంతస్తు తలుపు తోసినవాణ్ణి దొంగ అనుకుని కొడితే? చట్టంలో దాదాపు ఇలాంటి ఉదాహరణే ఉంది. తనకు ప్రవేశించే హక్కున్న ఇంట్లోకి ఒకతను రాత్రివేళ వస్తాడు. లోపలివాడు మంచి విశ్వాసంతోనే దొంగ అనుకుని మీదపడతాడు. లోపలివాడిది నేరం కాదు. కానీ దెబ్బలు తింటున్నవాడికి కూడా పూర్తి ఆత్మరక్షణ హక్కు ఉంది. ఇద్దరూ తప్పు చేయకుండానే ఒకరినొకరు చంపుకునే స్థితి ఇది. లైటు వేయడం, గట్టిగా "ఎవరది?" అని అరవడం ఎంత విలువైనవో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మీదపడినవాడు మతిస్థిమితం లేనివాడైనా, మత్తులో ఉన్నా, చిన్నవాడైనా కాపాడుకునే హక్కు మీకు ఉంటుంది. వాళ్లకు శిక్ష పడకపోవచ్చు కానీ దెబ్బ దెబ్బే కదా. అయితే వాళ్లను ఆపడానికి ఎంత బలం అవసరమో అంతే.

ఇల్లు ఎవరిది?

అద్దెకు ఉన్నంతకాలం ఆ ఇంటిని కాపాడుకునే హక్కు అద్దెకున్నవారిదే. చొరబాటు అనేది స్వాధీనానికి వ్యతిరేకంగా జరిగే నేరం, పట్టా ఎవరి పేర ఉందన్నది తరువాతి సంగతి. 1968లో మున్షీరామ్ కేసులో, కౌలు గడువు తీరిపోయినా స్థిరంగా స్వాధీనంలో ఉన్నవారిని కోర్టు దారిలోనే ఖాళీ చేయించాలని, బలవంతంగా వస్తే వాళ్లు అడ్డుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె బాకీ ఉందని మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి సామాను బయట పడేసే ఓనర్ చట్టం దృష్టిలో చొరబాటుదారే. నిన్న రాత్రి వచ్చి గుడిసె వేసినవాడికి మాత్రం ఈ రక్షణ లేదు.

పోలీసుల విషయం పూర్తిగా వేరు. విధి నిర్వహణలో మంచి విశ్వాసంతో వచ్చిన అధికారి చేసే పనిలో చిన్న చట్టపరమైన లోపం ఉన్నా, ప్రాణభయమో తీవ్రగాయం భయమో కలగనంతవరకు, ఎదిరించే హక్కు లేదు. అయితే వచ్చినవాడు అధికారి అని మీకు తెలియాలి, లేదా తెలుసుకునే ఆధారం ఉండాలి. మామూలు బట్టల్లో వచ్చి పోలీసులమన్నవారిని గుర్తింపు కార్డు అడగడం తప్పు కాదు, అడిగి తీరాలి.

అమెరికా ముచ్చట ఇక్కడ చెల్లదు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు వేలకొద్దీ ఉన్నాయి. టెక్సస్ చట్టం రాత్రిపూట దొంగతనాన్ని ఆపడానికి కూడా కొన్ని షరతులకు లోబడి ప్రాణాంతక బలాన్ని అనుమతిస్తుంది. అక్కడి బంధువులు చెప్పిన కబుర్లు, వాళ్లు పంపిన వీడియోలు విని ఇక్కడా అంతే అనుకోవడం ప్రమాదం. ఆ దేశంలో కూడా అది బాధ లేని హక్కు కాదు. 1992లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో, జపాన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన 16 ఏళ్ల కుర్రాడు హాలోవీన్ పార్టీకి వెళ్తూ పొరపాటున వేరే ఇంటికి వెళ్లి తూటాకు బలయ్యాడు. ఆ ఇంటాయన క్రిమినల్ కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. సివిల్ కోర్టు మాత్రం ఆ తల్లిదండ్రులకు నష్టపరిహారం చెల్లించాలంది.

ఇంగ్లండ్‌లో 1999లో టోనీ మార్టిన్ అనే రైతు తన ఇంట్లో పడిన 16 ఏళ్ల దొంగను తుపాకీతో కాల్చి చంపాడు. హత్యగా శిక్ష పడింది, అప్పీలులో నేర తీవ్రత తగ్గించారు. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. 2013లో అక్కడి చట్టం మారి, ఇంటివారు వాడిన బలం కొంత ఎక్కువైనా, మరీ ఘోరంగా ఎక్కువ కాకపోతే రక్షణ దొరికే వీలు కల్పించింది. లండన్, లెస్టర్‌లలో ఉంటున్న మనవాళ్లకు వర్తించేది ఇదే.

జరిగిపోయాక ఏం చేయాలి

ఇంట్లో చొరబడినవాడు గాయపడ్డా, చనిపోయినా కేసు నమోదవుతుంది. అది మిమ్మల్ని దోషిగా తేల్చినట్టు కాదు. ఆత్మరక్షణ అని చూపించే బాధ్యత భారతీయ సాక్ష్య అధినియమ్ 108వ సెక్షన్ ప్రకారం మీదే. కానీ ప్రాసిక్యూషన్ మోయాల్సినంత బరువు మీమీద లేదు. అనుమానానికి తావు లేకుండా రుజువు చేయడం వాళ్ల పని. జరిగింది ఇలాగే అయి ఉంటుందని కోర్టుకు అనిపించేలా చేస్తే మీకు చాలు. మీరు నోరు తెరిచి ఆత్మరక్షణ అనకపోయినా, సాక్ష్యంలో అది కనబడితే కోర్టు దాన్ని పరిగణించాల్సిందే.

అందుకే వెంటనే 112కు ఫోన్ చేయండి. ఎవరికంటే ముందు ఎవరు ఫోన్ చేశారన్నది రికార్డులో ఉంటుంది. విరిగిన గడియను, నేలమీద పడిన రాడ్డును ముట్టుకోవద్దు, ఇల్లు కడగవద్దు. పోలీసులు వచ్చి పంచనామా రాసేదాకా అన్నీ ఉన్నచోటే ఉండాలి. గాయపడిన దొంగను ఆసుపత్రికి పంపించండి. అది మానవత్వం, అవసరానికి మించి హాని చేసే ఉద్దేశం మీకు లేదనడానికి సాక్ష్యం కూడా.

మీ ఒంటిమీది గాయాలను మాత్రం అశ్రద్ధ చేయవద్దు. గోటి గీరు అయినా సరే, ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించి మెడికో లీగల్ కేసుగా రాయించుకోండి. 1976లో లక్ష్మీసింగ్ కేసులో, నిందితుడి ఒంటిమీద గాయాలు ఎలా వచ్చాయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే వాళ్ల కథనంమీదే అనుమానం వస్తుందని సుప్రీంకోర్టు అంది. ఆ రాత్రే రాయించుకోని గాయం నాలుగు రోజులకు మానిపోతుంది. కేసు సెషన్స్ కోర్టులో విచారణకు వచ్చేనాటికి దాన్ని ఎవరూ చూపించలేరు.